నాయన తలుపు తీయని మధ్యాహ్నం

టీచర్ పోస్టుల పరీక్షకు చదువుకుంటూ ఇంట్లో ఉన్న రోజుల్లో నాకొక అలవాటు పట్టుకుంది. వేరుశనగ కాయలు వలిచేటప్పుడు ఫోను చెంబుకు ఆనించి, లోకం అంతమయ్యాక మిగిలినవాళ్ల సినిమాలు చూసేదాన్ని. ఎక్కడెక్కడి దేశాలవో, తెలుగు మాటలు అతికించినవి. పెద్ద ఖర్చుతో తీసినవి నాకు నచ్చేవి కావు. నగరాలు కూలుతుంటే చూడ్డానికి బాగానే ఉండేది కానీ భయం వేసేది కాదు. చిన్నవాటిలోనే భయం ఉండేది. ఒక ఇల్లు, నలుగురు మనుషులు, బయట ఏదో తిరుగుతోందన్న మాట. ఆ బయటిదాన్ని చూపించే స్తోమత లేక, కథంతా లోపలి నలుగురి మధ్యే నడిపేవాళ్లు. ఎవరికి రోగం అంటుకుంది, ఎవరు దాస్తున్నారు, తలుపు కొడుతున్నది మనిషేనా అని ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు.

నాయన ఒకసారి నా వెనక నిలబడి కాసేపు చూశాడు.

"వీళ్లు ఎవురూ ఎవుర్నీ నమ్మరు గదా," అన్నాడు.

"నమ్మితే చచ్చిపోతారు నాయనా."

"అయితే తెలివైనోళ్లే," అని వెళ్లిపోయాడు.

అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. పామిడికి వెళ్లే దారికి లోపలగా మా ఊరు. ఊరి చివర మా చేను, చేలో ఎండిపోయిన బోరు, బండలు పరిచిన కప్పుతో ఒక రాతి కొట్టం. నాయన ఎవరినీ తొందరగా నమ్మే మనిషి కాదు. దానికి కారణముంది. కొన్నేళ్ల కిందట కరువు ఫొటోలు తీసుకుంటామని ఇద్దరు వచ్చి మా చిన్నాయన పొలమంతా తిరిగారు. తర్వాత వాళ్లే సోలార్ కంపెనీ కాగితాలతో వచ్చారు. చిన్నాయన సంతకం పెట్టాడు. కంచె వేసిన తర్వాత గానీ మాకు తెలియలేదు, మా చేనికి వెళ్లే దారి కూడా ఆ కంచెలోకి పోయిందని. అప్పటినుంచి మేము ఎండిన వాగు, మా వంక, చుట్టి తిరిగి చేనికి వెళ్తున్నాం. వెళ్లిన ప్రతిసారీ ఆ ఫొటోల వాళ్లు గుర్తొస్తారు.

అందుకే ఆ వేసవిలో ఒక వ్యాను మా చేను గట్టున ఆగిందని తెలియగానే, నాయన సంగటి సగంలో వదిలేసి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. నలుగురైదుగురు మగవాళ్లు, ఒక అమ్మాయి. ఒకాయన చేతిలో చిన్న యంత్రం, దాంట్లోంచి ఎర్ర చుక్క కొట్టం గోడ మీద పడుతోంది.

"ఏమప్పా, ఎవురు మీరు? ఏం కొలుస్తాండారు?"

యంత్రం పట్టుకున్న ఆయనే నవ్వుతూ ముందుకు వచ్చాడు. అనంతపురం మనిషి. సినిమావాళ్లకు స్థలాలు చూపించడం ఆయన పని. "సినిమా తీస్తాండాము పెద్దాయనా. కెమెరా యాడ పెట్టాలో చూసుకుంటాండాము, అంతే."

"సినిమాకు గోడ కొలవాల్నా?"

"కొట్టం లోపల ఎంత జాగా ఉండాదో తెలియాల గదా."

"జాగా తెలియాలంటే లోపలికి పోయి చూడు. గట్టు దాకా ఎందుకు కొలిచినావు?"

ఆయన నవ్వు కాస్త తగ్గింది. అప్పుడే దర్శకుడు దగ్గరకు వచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చాడు, ముప్పై ఏళ్లుండవచ్చు, ముఖమంతా ఎండకు కందిపోయి ఉంది. గోడ సంగతి పట్టించుకోకుండా నాయన ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"మీరు మా సినిమాలో చేస్తారా?" అని అడిగాడు.

కథ చెప్పాడు. లోకమంతటా వానలు ఆగిపోతాయి. లోతైన బోర్ల నీళ్లలోంచి ఒక రోగం పుడుతుంది. ఆ నీళ్లు తాగినవాళ్లు మనుషులుగా మిగలరు. తడి కోసం వెతుక్కుంటూ తిరుగుతారు, నీళ్ల చప్పుడైతే పరిగెత్తుకొస్తారు. ఒక రాతి కొట్టంలో ఒక ముసలాయన ఒక్క కుండ నీళ్లతో మిగిలి ఉంటాడు. ఒక పిల్ల వచ్చి తలుపు కొడుతుంది.

నాకు వింటుంటేనే ఒళ్లు జలదరించింది. నాయన మాత్రం, "ఫ్లోరైడ్ గురించి తీస్తాండారా?" అని అడిగాడు.

"కాదు పెద్దాయనా. భయం సినిమా."

"మళ్ల నేనెందుకు? నటించేది నాకు రాదు."

"మీరు నటించక్కర్లేదు. ఇందాకటి నుంచి మమ్మల్ని ఎలా చూస్తున్నారో, అలా చూస్తే చాలు."

ఇంటికి వచ్చాక నేనే పట్టుబట్టాను. అన్నాళ్లూ ఫోనులో చూసింది ఎలా తీస్తారో కళ్లారా చూడాలని నా ఆశ. నాయన చాలాసేపు ఆలోచించి షరతులు పెట్టాడు. ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. నేను పక్కనే ఉండాలి. ఆ కొలిచే యంత్రం మళ్లీ చేలోకి రాకూడదు. దర్శకుడు అన్నిటికీ ఒప్పుకున్నాడు.

"ఇంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఏందో ఉండాది," అన్నాడు నాయన.

షూటింగు నేననుకున్నట్టు లేదు. కథంతా రాత్రి జరుగుతుంది, తీసేది మాత్రం మిట్టమధ్యాహ్నం. కొట్టం కిటికీలకు నల్ల టార్పాలిన్లు కప్పి, లోపల ఒక నీలం దీపం పెట్టేవాళ్లు. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల వెన్నెల రాత్రి. రోగం అంటుకున్నవాళ్లుగా పక్క ఊరి కుర్రాళ్లను కొందరిని పెట్టారు. ముఖానికి బూడిద, బియ్యప్పిండి, మా చేలోని ఎర్రమట్టి కలిపి పూసేవాళ్లు. చచ్చినవాళ్లే చొక్కా మార్చుకుని మళ్లీ వచ్చేవాళ్లు. ఊళ్లో ఈ కుర్రాళ్లకు దప్పికోళ్లు అని పేరు పడిపోయింది. దప్పికోళ్లు మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని పులిహోర తినేవాళ్లు.

నాకు ఆ తమాషా మొదట్లోనే తీరిపోయింది. దాని బదులు మరొకటి మొదలైంది. లొకేషన్లు చూసే ఆయన షూటింగు జరుగుతుంటే అక్కడ ఉండేవాడు కాదు. గట్ల వెంబడి ఫోను చెవికి పెట్టుకుని తిరిగేవాడు. హద్దురాళ్ల దగ్గర ఆగేవాడు. ఒకరోజు ఆయన మా పక్క చేను రైతుతో చాలాసేపు మాట్లాడటం చూశాను. నన్ను చూడగానే ఇద్దరూ మాట మార్చారు. ఆ రోజునుంచి నేను సినిమా చూడడం మానేసి ఆయన్నే చూడసాగాను. తర్వాత దర్శకుణ్ణి, కెమెరా మనిషిని, చివరికి వ్యాను డ్రైవరును కూడా. ఎవరు ఫోను తీసినా ఎవరికి చేస్తున్నారోనని చెవులు రిక్కించేదాన్ని.

నాయన అనుమానం మాత్రం ఆ అమ్మాయి మీద పడింది. తలుపు కొట్టే పిల్ల వేషం ఆమెదే. ఎవరితోనూ కలిసి తినేది కాదు. ఫోను మోగితే వ్యాను వెనక్కి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడేది. తిరిగొచ్చేటప్పుడు కళ్లు ఎర్రగా ఉండేవి.

"ఆ పిల్ల ఎవురు బిడ్డ? ఇంట్లో చెప్పి వచ్చిందా?" అని నన్ను రెండు మూడుసార్లు అడిగాడు.

"మనకెందుకు నాయనా?"

"మన కొట్టంలోకి వస్తాంది గదా."

అసలు గొడవ తలుపు తీసే సన్నివేశం దగ్గర వచ్చింది. సినిమాకంతటికీ అదే ముఖ్యమని దర్శకుడు పొద్దున్నుంచి చెబుతూనే ఉన్నాడు. బయట దప్పికోళ్లు అరుస్తుంటారు. పిల్ల తలుపు కొడుతుంది. ముసలాయన కుండ వైపు చూస్తాడు, తలుపు వైపు చూస్తాడు, ఆఖరికి లేచి గడియ తీస్తాడు. కొట్టం లోపల నాయన, కెమెరా మనిషి, దర్శకుడు ఉన్నారు. నేను మేత బస్తాల వెనక మూలన నిలబడ్డాను. టార్పాలిన్లు కప్పేసరికి లోపల ఊపిరాడటం లేదు.

తలుపు మీద దబదబా చప్పుడైంది. "తాతా, తలుపు తియ్యి. నేనొక్కదాన్నే ఉన్నా."

నాయన కుండను చూశాడు. తలుపును చూశాడు. అక్కడే కూర్చున్నాడు.

దర్శకుడు ఆపి మళ్లీ చెప్పాడు. మళ్లీ తీశారు. నాయన మళ్లీ లేవలేదు. మూడోసారీ అంతే.

"పెద్దాయనా, ఇప్పుడు మీరు లేచి తలుపు తీయాలి."

"ఎందుకు తీయాల?"

"ఆమె బయట ఉంది. చచ్చిపోతుంది."

"అది చెప్తాంది. నిజమో కాదో నాకెట్ల తెలుస్తాది? ఉండేది ఒక్క కుండ. ఎవురో తెలియకుండా తలుపు తీసేదానికి నేను అంత తిక్కోణ్ణా?"

"కథలో అలా రాశాం పెద్దాయనా."

"రాసుకుంటే రాసుకోండి. నేను తీయను."

దర్శకుడు తల పట్టుకున్నాడు. నాకు సిగ్గుగా ఉంది, లోలోపల నాయన అడిగింది న్యాయమేననీ ఉంది. నేను చూసిన సినిమాల్లో ఎవరూ అంత తేలిగ్గా తలుపు తీయలేదు. దర్శకుడు కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, కెమెరా మనిషికి ఆపవద్దని సైగ చేశాడు. "సరే. మీకు ఎప్పుడు తీయాలనిపిస్తే అప్పుడే తీయండి," అన్నాడు.

మళ్లీ చప్పుడైంది. "తాతా, తలుపు తియ్యి."

నాయన ఈసారి తలుపు దగ్గరకు వెళ్లి, గడియ మీద చేయి వేయకుండా అడిగాడు. "ఎవురమ్మా నువ్వు?"

ఆమె కథలో పేరు చెప్పింది.

"అది గాదు. నిజంగా ఎవురు? ఏ ఊరు మీది?"

బయట కుర్రాళ్ల అరుపులు ఆగిపోయాయి. ఆమె, "కదిరి పక్కన," అంది. గొంతు మారింది.

"మీ నాయన ఏం జేస్తాడు?"

"బోరు లారీ మీద పని."

"నువ్వు ఈడ ఉండావని ఆయనకు తెలుసునా?"

"తెల్దు. కంప్యూటర్ కోర్సు చేస్తాండానని చెప్పినా. దినామూ ఫోన్ చేసి ఏం నేర్చుకున్నావని అడుగుతాడు. ఏం చెప్పాలో తెలియక ఏందోకటి చెప్తాండా."

నాయన తలుపు చెక్క మీద అరచేయి పెట్టాడు. "పొద్దున్నుంచి నీళ్లు తాగినావా?"

"లేదు తాతా."

నాయన గడియ తీశాడు. ఎండ ఒక్కసారిగా లోపలికి వచ్చి నీలం వెన్నెలంతా చెదిరిపోయింది. ఆమె పెదవులు నిజంగానే పగిలి ఉన్నాయి. నాయన ఆమెను లోపలికి లాగి తలుపు వేసి, కుండలో చెంబు ముంచి ఇచ్చాడు. నటనకు పెట్టిన నీళ్లే, మా ఇంటి నుంచి తెచ్చినవి. ఆమె గటగటా తాగుతుంటే దర్శకుడు ఆపు అనలేదు. కెమెరా మనిషి కళ్లు తుడుచుకున్నాడు. చెమటో కాదో నాకు తెలియదు.

అంతా అయ్యాక నాయన దర్శకుడి ముందుకు వెళ్లాడు. "ఆ పిల్లను నీళ్లు తాగొద్దని నువ్వు చెప్పినావా?"

దర్శకుడు తల దించుకున్నాడు. "పెదాలు ఎండినట్టు కనిపించాలని..."

"నేనే ఒప్పుకున్నా తాతా," అంది ఆ అమ్మాయి.

"నువ్వు ఒప్పుకుంటావులే. ఇంట్లో చెప్పకుండా వచ్చినదానివి, నీకు ఒప్పుకోక దారేముండాది?" అన్నాడు నాయన. ఆ తర్వాత రోజులన్నీ మధ్యాహ్నం ఆమె మా ఇంట్లోనే తింది.

వాళ్లు వెళ్లిపోయాక మాకేమీ జరగలేదు. ఊరికే అనుమానపడ్డామా అని నేను అనుకోవడం మొదలుపెట్టేలోపు, లొకేషన్లు చూసే ఆయన కారులో దిగాడు. ఈసారి ఇద్దరు కొత్తవాళ్లు వెంట ఉన్నారు. భూమి లీజుకు ఇస్తారా అని అడిగారు. నాయన మంచం వేసి కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. అంతా విన్నాక, "మీ యంత్రంలో మా గట్టు ఎంత వచ్చింది?" అని అడిగాడు. ఆయన నవ్వలేదు. నాయన చేను ఇవ్వలేదు. మా పక్క చేను రైతు ఇచ్చేశాడు. ఇప్పుడు మా కొట్టానికి రెండు వైపులా సోలార్ పలకలే.

నేను దర్శకుడికి ఫోన్ చేశాను. తనకేమీ తెలియదన్నాడు. ఆ లొకేషన్ల మనిషే తమ దగ్గర పని అడిగి చేరాడనీ, అనంతపురంలో ఒక లాడ్జిలో పరిచయమయ్యాడనీ చెప్పాడు. గొంతులో బాధ ఉంది. నిజమే చెప్పాడేమో. అయినా ఆ మాట నేను పూర్తిగా నమ్మానని ఈనాటికీ చెప్పలేను.

మరుసటి ఏడాది సినిమా ఫోన్లలోకి వచ్చింది. మా అరుగు మీద ఇరుగుపొరుగు అందరం చేరి చూశాం. తలుపు సన్నివేశం రాగానే నేను నాయన వైపు చూశాను. తెర మీద నాయన పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం ఎవరిదో. కోస్తా వైపు గొంతు, గంభీరంగా ఉంది. "నువ్వెవరివి? నీలో ఇంకా మానవత్వం మిగిలే ఉందా?" అని ఆ గొంతు అడిగింది. ఆ అమ్మాయికి కూడా వేరే గొంతే. కదిరి లేదు, బోరు లారీ లేదు.

"ఆ మాట్లాడేది ఎవుడు?" అన్నాడు నాయన.

"గొంతు మార్చినారు నాయనా. సినిమాల్లో అట్ల చేస్తారు."

"నోరు నాది పెట్టి మాట వానిది పెట్టినారా? ఆ సౌండు తీసెయ్యి."

తీసేశాను. నాయన ఫోను చేతిలోకి తీసుకుని, ఆ సన్నివేశాన్ని మొదటి నుంచి పెట్టించుకుని, తాను అడిగింది, ఆ పిల్ల చెప్పింది వరసగా చెప్పుకొచ్చాడు. తెరమీద నాయన పెదవులు తన మాటలకు సరిగ్గా సరిపోయాయి. అయిపోయాక పక్కింటాయన బీడీ పారేసి, ఫోను వైపూ నాయన వైపూ మార్చి మార్చి చూశాడు.

"నిజంగా అట్లనే అడిగినావా, లేకుంటే ఇప్పుడు కల్పించి చెప్తాండావా?"

"నమ్మితే నమ్ము, లేకుంటే పో," అన్నాడు నాయన.