ఉజ్వల మానేసిన కవి

ఉజ్వల అమెరికాలోని క్యారీ ఊళ్లోనే పుట్టి, అక్కడి హైస్కూల్లోనే లాటిన్ టీచరయింది. ఏటా వసంతకాలంలో పిల్లలకు ఒక రోమన్ కవి గురించి చెప్పేది. రోమ్ నగరం అతని ప్రేమ పద్యాలనూ, దేవుళ్ల కథలనూ ఇష్టంగా చదువుకుంది. చక్రవర్తికి కోపం వచ్చి అతణ్ణి నల్ల సముద్రం ఒడ్డుకు వెళ్లగొట్టాడు. వెనక్కి పిలవమని బతిమాలుతూ రాసి రాసి, ఆ చలిలోనే పోయాడు. పేరు మాత్రం రెండు వేల ఏళ్లుగా నిలిచింది.

ఈ ఏడాది ఆ పాఠం మీద ఫిర్యాదు వచ్చింది. పంపింది విజయశ్రీ. ఉజ్వల చిన్నప్పుడు పండగలకు ఆమెకు జడ వేసిన మనిషి. ఆమె కూతురు సాన్వి ఉజ్వల క్లాసులోనే ఉంది. పారిపోయే అమ్మాయిల వెంట దేవుళ్లు పడే కథలు పిల్లలకెందుకని రాసింది.

ఆ కథలు విని ముందుగా కోప్పడేది క్లాసులో ఆడపిల్లలేనని, పాఠం అందుకేనని చెప్పాలనుకుంది ఉజ్వల. కానీ ప్రిన్సిపాల్ అడిగేసరికి, "తీసేద్దాం" అంది. అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో ఆమెకే తెలియలేదు.

ఆ శనివారం విజయశ్రీ ఉజ్వల ఇంటికొచ్చింది. సోఫా అంచున కూర్చుంది.

"నీ మీద కోపం కాదురా. సాన్వి సమ్మర్ నుంచి ఐస్‌క్రీమ్ షాప్‌లో చేస్తోంది కదా. మేనేజర్ రోజూ కార్ దాకా వెంటపడ్డాడట. నీ క్లాస్‌లో ఆ స్టోరీ విన్న రోజే నాకు చెప్పి ఏడ్చింది."

"అతని మీద కంప్లైంట్ ఇచ్చారా, ఆంటీ?"

"లేదు. పిల్ల పేరు బయటికొస్తుందని భయం. ఆ కవి అయితే ఎప్పుడో పోయాడు, అతన్ని అనొచ్చు అనిపించింది."

ఉజ్వలకు కోపం రావాల్సింది. రాలేదు. జాలీ కలగలేదు.

"నేను టీచర్‌ని. ఇప్పుడు విన్నాను కాబట్టి రూల్ ప్రకారం రిపోర్ట్ చెయ్యాలి. మీరూ వస్తే సాన్వికి మంచిది."

 విజయశ్రీ కూతురికి ఫోన్ చేసింది. ముగ్గురూ కలిసే పోలీస్ స్టేషన్‌కి వెళ్లారు. ఆఫీసర్ ముందు సాన్వి తడబడకుండా అంతా చెప్పింది.

మేనేజర్ ఉద్యోగం పోయింది. కేసు ఇంకా నడుస్తోంది. విజయశ్రీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. పాఠం మళ్లీ పెట్టుకోవచ్చని ప్రిన్సిపాల్ చెబితే, ఉజ్వల "వచ్చే ఏడాది చూద్దాం" అంది.

ఇప్పుడు క్లాసులో ఆ కవి బదులు యుద్ధాల గురించి చదువుతున్నారు. సైన్యం నది దాటింది, ఊళ్లు తగలబడ్డాయి. ఉజ్వల వ్యాకరణం వివరిస్తుంది, పిల్లలు రాసుకుంటారు. ఎవరూ కోప్పడరు, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు.