కట్ట కింద నీళ్ళ రంగు

ఆత్మకూరులో నేను టైపింగ్ పని చేసే షాపు ముందు మొన్న కాలవ తవ్వారు. వాన పడి నీళ్ళు గుమ్మందాకా రావడంతో ఎవరో ఇసుక నింపిన గోనెసంచులు తెచ్చి అడ్డంగా పేర్చారు. పొద్దున షట్టరు ఎత్తగానే తడిసిన గోనె వాసన, కొంచెం పులిసిన గంజిలాగా, కొంచెం ఎండుచేపలాగా, ముఖానికి కొట్టింది. అక్కడే నిలబడిపోయాను. షాపు యజమాని ఏమ్మా అని అడిగితే ఏమీ లేదన్నాను. ఎవరేమి అడిగినా నా నోట్లోంచి వచ్చే జవాబు అదే. కానీ ఆ వాసన నన్ను ఉదయగిరి కొండల కిందికి, మా చెరువు దగ్గరికి, నేను ఐదో తరగతి చదివే రోజుల్లోకి తీసుకుపోయింది.

ఉదయగిరి నుంచి దుత్తలూరు పోయే దారిలో రోడ్డు దిగి ఒక మైలు నడిస్తే మా చెరువు. పెద్దదేమీ కాదు, ఈ కొసన గట్టిగా పిలిస్తే ఆ కొసన పలికేవాళ్ళు. ఒక వైపు మట్టికట్ట, మిగతా వైపులంతా కొండ వాలు. కొండకు ఆనుకున్న కొసన, బండమీద, నిండిన చెరువులో ఎక్కువైన నీళ్ళు పొర్లి పోయేందుకు కట్టిన రాతి అడ్డు ఉండేది. దాన్ని మేం కలుజు అంటాం. కట్టకు సరిగ్గా కిందే మా ఇరవై ఇళ్ళ పల్లె. ఎండాకాలం చెరువు అడుగు పలకలు పలకలుగా పగిలితే ఆడపిల్లలం ఆ పలకలనే గళ్ళు చేసుకుని తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. దసరా దాటి తూర్పుగాలి మొదలయ్యే వేళకు కొండ మీది సీతాఫలాలు గంపల్లో దిగేవి, వాటిని బియ్యపు కుండలో మగ్గేస్తే ఇల్లంతా తియ్యటి వాసన. కలుజు పొర్లిన రోజు నీళ్ళకు ఎదురెక్కే జెల్లచేపలను పిల్లలం గుడ్డలతో పట్టుకొస్తే, అవ్వ పచ్చి చింతకాయ దంచి వేసి పులుసు పెట్టేది. పొగలు కక్కే రాగిసంకటి ముద్ద మధ్యలో గుంట చేసి ఆ పులుసు పోస్తే, ముద్ద అయిపోయాక కూడా వేళ్ళు నాకుతూ కూర్చునేవాళ్ళం.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఆ పల్లెలోనే పుట్టి ఆ పల్లెలోనే మెట్టింది. ఆమె తండ్రి చెరువు తూము తీసి మూసే పని చేసేవాడట. ఆయన నుంచి ఆమెకు వచ్చిన ఆస్తి ఒక్క అలవాటే. వానాకాలమంతా రోజూ పొద్దున్నే, పళ్ళు తోముకోకముందే, కట్ట కింది పొడవునా నడిచి చూసేది. కట్ట పైన కాదు, కింద. అక్కడ ఒకచోట చిటికెన వేలంత ధార ఎప్పుడూ ఊరుతూ ఉండేది. ఒక పాత మందుసీసాలో ఆ నీళ్ళు పట్టి ఎండకేసి ఎత్తి చూసేది. మట్టికట్ట అన్నాక కొంచెం ఊరుతుంది, దానికి భయం లేదు. ఊరే నీళ్ళు తేటగా ఉన్నంతకాలం కట్ట గట్టిగా ఉన్నట్టు. రంగు తిరిగితే మాత్రం కట్ట లోపలి మట్టి కొట్టుకుని బయటికి వస్తున్నట్టు. ఆమె చూపు మందగించాక నన్ను వెంట తీసుకుపోవడం మొదలుపెట్టింది.

"నా కండ్లు మసకేసినాయి మే. నువ్వు చూసి చెప్పు. చెప్పేది మరిచిపోతావు, రాసిపెట్టు" అనేది.

రాసిపెట్టేదాన్ని. బడి నోటుబుక్కు వెనక పేజీల్లో రోజుకో వరుస. ఈరోజు తేట. ఈరోజు తేట. ఈరోజు తేట, సీసాలో చీమ పడింది. నా డైరీ అట్లా మొదలైంది.

ఆ ఏడే మా చెరువుకు హంస మెడలున్న రెండు పెడల్ బోట్లు వచ్చాయి. కట్టమీద రంగులేసిన సిమెంటు బల్లలు వేశారు. ఆదివారమైతే ఉదయగిరి నుంచి, కొండాపురం నుంచి జనం. ఉడకేసిన శనక్కాయల ఆవిరి, మిరపకాయ బజ్జీల నూనె, చెమట పట్టిన నారింజరంగు లైఫ్ జాకెట్లు, అన్నీ కలిసి కట్టకు కొత్త వాసన వచ్చింది. అంతకుముందు వల వేసుకుని బతికే మా నాయనను బోట్ల కాంట్రాక్టరు నెలజీతానికి పెట్టుకున్నాడు. మెడలో విజిల్ వేసుకుని నాయన కట్టమీద నిలబడితే నాకు మా బడి డ్రిల్లు మాస్టారి కంటే గొప్పగా కనిపించేవాడు.

అయితే మాఘమాసం వచ్చేసరికి మా చెరువు సగానికి దిగిపోతుంది. నీళ్ళు లేకపోతే బోట్లు లేవు, బోట్లు లేకపోతే జీతం లేదు. అందుకని ఆ వానలకు ముందే నాయనా, ఇంకో నలుగురూ కలిసి కలుజు మీద రెండు వరసల ఇసుక మూటలు పేర్చారు. చెరువు ఇంకో రెండడుగులు ఎక్కువ నిలబడుతుందని. పల్లెలో అందరికీ అది తెలివైన పనిగానే తోచింది. అవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు.

"రేయ్ పెంచలయ్యా, పోయే నీళ్ళని పోనియ్యకుంటే అయ్యి వేరే దారి చూసుకుంటాయిరా" అనింది.

"రెండడుగులకే కొంప మునగదులే మా. మూణ్ణెల్ల బువ్వ ఉండాది ఆ రెండడుగుల్లో" అన్నాడు నాయన.

ఆయన అన్నదీ అబద్ధం కాదు.

బక్రీదుకు ముందు మూడు రోజులు విడవకుండా వాన. పండగ మర్నాడు మాత్రం ఎండ విరగ్గాసింది. ఉదయగిరి సాయిబుల కుటుంబాలు ఆటోల్లో దిగాయి. కొత్త బట్టల మీద అత్తరు, మూత తీసిన డబ్బాల్లోంచి బిర్యానీ, పిల్లల చేతుల్లో బెలూన్లు. చెరువు మూటల పై అంచుదాకా నిండి, గాలి వీస్తే చాలు అంచు తొణికేట్టు ఉంది. అవ్వ రెండు రోజులుగా జ్వరంతో లేవలేదు. సీసా నా చేతికిచ్చి పంపింది.

ధార చిటికెన వేలంత లేదు, బొటనవేలంత ఉంది. సీసా ఎత్తి చూశాను. ఎర్రగా ఉంది. పారబోసి మళ్ళీ పట్టాను. మళ్ళీ ఎర్రగానే ఉంది.

బడిలో హాజరు పిలిస్తే పలకడానికి కూడా గొంతు రాని పిల్లను నేను. సీసా పట్టుకుని కట్టెక్కి, అంతమంది కొత్తవాళ్ళ మధ్య నాయన ముందు నిలబడ్డాను. సీసా ఎత్తి పట్టుకున్నాను, అంతే. బల్లమీద కూర్చున్న ఒక పెద్దాయన నవ్వాడు.

"ఏం పాపా, మీ నాయనకు చాయ్ తెచ్చినావా?"

చుట్టూ నవ్వారు. నాయన నవ్వలేదు. సీసా వైపు, కలుజు వైపు, మళ్ళీ నా వైపు చూశాడు. వెంటనే విజిల్ ఊది బోట్లు ఒడ్డుకు రమ్మన్నాడు. కాంట్రాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది పెంచలయ్యా! పండగ గిరాకీ. సాయంత్రం దాకా ఓపిక పట్టు. మూటలు రేపు తీద్దాంలే."

"రేపటికి మూటలుంటాయి సార్, కట్ట ఉండాల గదా. కింద మా అమ్మ పండుకోనుండాది."

జనాన్ని కట్ట దించేసి నాయన కలుజు మీదికి దిగాడు. పల్లె ఖాళీ చేయించడానికి కొందరు కిందికి పరుగెత్తారు. అవ్వను నులకమంచంతో సహా మోసుకొచ్చి కలుజు పక్కన బండ మీద దించారు. ధారకు అడ్డంగా బంకమట్టి తట్టలు పోసి పూడ్చేద్దామని మావాళ్ళు పారలు తీశారు. మంచంలోంచే అవ్వ అరిచింది.

"మట్టి ఎయ్యొద్దురా, తిక్కనాయాళ్ళారా! ఇసక పొయ్యండి, దాని మీద గులకరాళ్ళు ఎయ్యండి. నీళ్ళు రావాల, మట్టి రాగూడదు!"

అంత ఇసుక ఎక్కడుంది? కలుజు మీద ఉంది. ఒక్కో మూటా తీసేకొద్దీ నీళ్ళు బండమీదికి దూకాయి. తీసిన మూటలను భుజాల మీద కట్ట కిందికి మోసి ధార మీద కుమ్మరించారు. నన్ను చూసి నవ్విన పెద్దాయన కొత్త పైజమా మోకాళ్ళదాకా మడిచి, తడిసి బరువెక్కిన మూట భుజాన వేసుకుని నా పక్కనుంచే పోయాడు. అత్తరూ గోనే కలిసిన వాసన. "చాయ్ చాలా స్ట్రాంగుగా ఉండాది పాపా" అన్నాడు ఆయాసపడుతూ. పొద్దుగూకే లోపల కలుజు మీద ఒక్క మూట మిగల్లేదు. కట్ట ఒకచోట మంచమంత మేర జారింది, కానీ నిలబడింది. మూడో రోజు మధ్యాహ్నానికి ఇసుకలోంచి వచ్చే నీళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. అది కూడా రాశాను.

ఆ ఏడు శివరాత్రికి ముందే హంసలు రెండూ బురదలో పక్కకు ఒరిగాయి. కాంట్రాక్టరు వాటిని లారీ ఎక్కించుకుని పోయాడు. నాయన సముద్రం వైపు రొయ్యల గుంటల కాపలాకు పోయాడు. నెలకోసారి వచ్చేవాడు. ఒకసారి అమ్మ పొయ్యి ఊదుతూ విసుగ్గా, "నోరులేని పిల్లనుకుంటిమి, ఒక సీసాతో ఇంటి బోటు ముంచింది" అనింది. "ఆ సీసా లేకుంటే ముంచడానికి ఇల్లు యాడుండేది మే?" అన్నాడు నాయన. అమ్మ మాట ఊరికే అన్నదే. నాకు మాత్రం చాలా రోజులు అన్నం సయించలేదు.

తర్వాత రోడ్డు పక్కన మాకు ఇళ్ళస్థలాలిచ్చారు, పల్లె అంతా అక్కడికి మారింది. కొత్తింట్లో మంచాన పడ్డ అవ్వ పొద్దున్నే అడిగేది, "ఏం రంగు మే?" అని. చెరువు మైలు దూరం. బడికి ఆలస్యమవుతుంది. "తేటే అవ్వా" అనేదాన్ని, చూడకుండానే. డైరీలోనూ అట్లాగే రాశాను. ఆమె పోయేదాకా, ఆ చివరి వానాకాలం పేజీలన్నీ అబద్ధాలే.

షాపు ముందు ఆ మూటలు చూశాక, పోయిన ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు చెరువు చూడబోయాను. మా ఇరవై ఇళ్ళ గోడలు కరిగి నేలలో కలిశాయి. సంకటి గెలికిన పొయ్యిల గుర్తు కూడా లేదు. కట్ట కింద మనిషి దూరలేనంతగా చిల్లకంప అల్లుకుంది. ధార ఎక్కడుండేదో నాకే ఆనవాలు దొరకలేదు. ఆ కట్ట కింద నిద్రపోయేవాళ్ళు లేకపోయాక, దాని కింద నడిచేవాళ్ళూ లేకుండా పోయారు. కట్టమీద మాత్రం కొత్త రంగులు, నీళ్ళలో కొత్త బోట్లు. కలుజు మీద మూటలు లేవు, మూడడుగుల సిమెంటు గోడ ఉంది. మా పల్లె ఉన్నచోట ప్లాట్ల రాళ్ళు పాతారు. ఒక ఇంటికి అప్పుడే గోడలు లేచాయి. ఎవరో ఒకామె పైపుతో ఆ గోడలు తడుపుతోంది.

చాలాసేపు దూరంగానే నిలబడ్డాను. వెనక్కి తిరిగి రోడ్డుదాకా వచ్చాను కూడా. మళ్ళీ వెళ్ళాను.

"అక్కా, వానలప్పుడు పొద్దున్నే కట్ట కింద ఒకసారి చూసుకోవాల" అన్నాను. గొంతు నాకే వినపడలేదు.

"ఏంది?" అంటూ ఆమె పైపు కింద పడేసింది. ఇటుకల మీద కూర్చుని మొత్తం చెప్పాను. విని, ఆమె కట్ట వైపు చూసి, లోపలికి కేకేసింది.

"ఏమయ్యో, ఇట్రా ఒకసారి. ఈ పాప ఏందో చెప్తా ఉండాది, నువ్వు గూడా విను."

ఆయన సిమెంటు చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. చెప్పాను.