బాపు కట్టిన జరీ తోక

పదిహేడేళ్ల వయసులో నా కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడూ తగ్గలేదనుకోండి, కానీ అప్పుడు దానికి కారణం కూడా అక్కర్లేదు. ఆ ఏడాది మాత్రం కారణం ఇంట్లోనే దొరికింది: మా బాపు.

కరోనా రెండో వేవ్ తగ్గాక సూరత్‌లో పన్నెండో తరగతి పిల్లలకు బడి తెరిచారు. మేముండేది పాండేసరలో, బడి ఆల్థాన్‌లో. షేర్ ఆటో ఎక్కొద్దన్నాడు బాపు. ఆ వేసవిలోనే మా గల్లీలో ఇద్దరు పోయారు. మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునే ఆటోలోకి నన్ను పంపడానికి ఆయనకు మనసొప్పలేదు. సరే, సైకిల్ మీద వెళ్తానన్నాను. బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లుల లారీల మధ్యలోంచా అని దానికీ ససేమిరా అన్నాడు. ఇక మిగిలింది ఇంట్లో కూర్చోవడమే. ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క ఫోన్‌లో ఏడాదిన్నరగా చదివిన చదువు ఎంత ఒంటబట్టిందో నాకు తెలుసు. ఇంకో ఏడాది అలాగే గడిస్తే పరీక్ష గట్టెక్కేదాన్ని కాదు. ఆ తర్వాత అమ్మ పక్కన కూర్చుని చీరలకు రాళ్లు అతికించడమే నా పని.

రెండు పూటలు అన్నం మానేశాను. మూడో పూటకు అమ్మ విసిగిపోయింది. "ఇద్దరిట్ల ఒక్కలన్న తగ్గుండ్రి. నా పానం తీస్తున్నరు" అంది.

తగ్గింది బాపే. లాక్‌డౌన్‌లో సొంతూరు వెళ్లి తిరిగిరాని ఒడియా అన్న ఒకతను తన సైకిల్‌ను మా వాకిట్లో వదిలి వెళ్లాడు. అతనికి ఫోన్ చేసి అడిగి, బాపు దాన్ని దుమ్ము దులిపి తుడిచాడు.

"ఒక్క షరతు. ఒక్కసారి పడ్డవంటే సైకిల్ బంద్. మల్ల అడుగొద్దు" అన్నాడు.

బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. తెలంగాణ నుంచి వచ్చిన మావాళ్లు వాటిని సాంచాలంటారు. మర్నాడు పొద్దున సైకిల్ సీటు కింద చూస్తే, కార్ఖానాలో పారేసే జరీ పోగులన్నీ పోగుచేసి, మూర పొడవున తోకలా కట్టి ఉంచాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"గిదేంది బాపు, నేనేమన్న పెండ్లి గుర్రమా?"

"గుర్రమే అనుకో. ఎన్కొచ్చే లారీ డ్రైవర్‌కు మెరుస్తది గద."

విప్పుదామని చూశాను. తెగిన పోగుల్ని కలపడానికి నేతవాళ్లు వేసే ముడి అది, గోళ్లు అరిగినా ఊడదు. బడి దగ్గర ఆడపిల్లలు నన్ను చూడగానే "బారాత్ ఆ గయీ" అని, పెళ్లి ఊరేగింపు వచ్చిందని నవ్వేవాళ్లు. ఇంటికొచ్చి ఒంటికాలి మీద లేచినా బాపు పట్టించుకునేవాడు కాదు. రోజూ నేను బయల్దేరే ముందు బ్రేకులు చూసేవాడు కాదు, టైర్లో గాలి చూసేవాడు కాదు, వంగి ఆ ముడి ఒకసారి లాగి చూసేవాడు. తర్వాత గల్లీ చివరిదాకా నా వెనకే నడిచొచ్చి, నేను మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడేవాడు. రావొద్దని రోజూ గొడవపడేదాన్ని.

నాలుగో వారంలో ఒక సాయంత్రం, వానకు తడిసి బరువెక్కి వేలాడిన ఆ తోకే వెనక చక్రంలో చుట్టుకుంది. చక్రం బిగుసుకుపోయి రోడ్డు పక్కన బోర్లా పడ్డాను. వెనకొస్తున్న లారీ హారన్ కొడుతూ నా పక్కనుంచి వెళ్లిపోయింది. మోకాలు చెక్కుకుపోయింది కానీ నా బెంగంతా సైకిల్ గురించే. పెన్సిల్ చెక్కుకునే బ్లేడు తీసి చిక్కుకున్న పోగులన్నీ కోసి పారేశాను. సీటు కింద బెత్తెడు ముక్క మిగిలింది.

ఇంటికెళ్లి, బాపు అడగకముందే చెప్పాను. "తోక యాడనో తెగిపోయింది బాపు."

ఆయన సైకిల్ పక్కన కూర్చుని ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"తెగిన పోగుకు కొసన నూగు లేస్తది బిడ్డా. ఇవి అన్ని ఒక్క తీరుగున్నయి. ఇవి కోసినయి." తలెత్తి నన్ను చూశాడు. "యాడ పడ్డవ్?"

అబద్ధం దొరికిపోయినందుకు సిగ్గుపడాల్సింది పోయి నోరు పారేసుకున్నాను. నువ్వు కట్టిన తోకే నన్ను పడేసిందన్నాను. చక్రం, మోకాలు, లారీ, అన్నీ గుక్క తిప్పుకోకుండా అరిచి చెప్పేశాను. చెప్పాక గానీ తెలియలేదు, నా బడిని నా నోటితోనే పోగొట్టుకున్నానని.

బాపు మోకాలు చూపించమన్నాడు.

"షరతే తప్పు పెట్టిన" అన్నాడు. "పడితే బంద్ అంటిని, అందుకే దాసినవ్. సాంచా మీద పోగు తెగకుంట ఉంటదా? తెగితే అతుకుతం. తెగిన సంగతి తెల్వకుంట బట్ట నడుస్తనే ఉంటది సూడు, గప్పుడే నాకు భయం."

ఆ రాత్రి అన్నం సహించలేదు, ఈసారి అలిగి కాదు.

పొద్దున సీటు కింద కొత్త జరీ కట్టి ఉంది, నాలుగు వేళ్ల పొడవు. "చక్రానికి అందది గద, జర సూడు" అని నన్నే చూడమన్నాడు. తర్వాత తన జేబులోంచి పోగులు కత్తిరించే చిన్న కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు.

"మల్ల చిక్కితే కొయ్యి. కానీ కోసిన్నని చెప్పు, గంతే."

సైకిల్ ఎక్కి గల్లీ చివర వెనక్కి తిరిగి చూశాను. బాపు రాలేదు. వాకిట్లోనే ఆగిపోయాడు. రావొద్దని నాలుగు వారాలు పోట్లాడిన నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.