ఉరికి కొలిచిన నేల

సరిహద్దు రాళ్ళకు పూసే ఎర్ర రంగు వాసన తగిలితే చాలు, నాకు సుగుణమ్మ టీచర్ గుర్తుకొస్తారు. నేను సర్వేయర్‌ని, ఆ వాసన లేని వారం ఉండదు. ఈ ఉదయం కూడా ఆఫీసు వెనక ఎవరో డబ్బా మూత తీశారు. లేచి కిటికీ మూసుకున్నాను.

కోయిలకుంట్ల చర్చి బడిలో ఆమె మాకు ఎనిమిదో తరగతి సోషల్ చెప్పేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం గేటు దాకా వినిపించేది. ఎప్పుడో వచ్చిన అమెరికా దొరలు వదిలివెళ్ళిన పుస్తకాల్లో లెనాపే అనే జాతి గురించి ఆమెకు ఒకటి దొరికింది. అమెరికా తూర్పు తీరాన, డెలావేర్ నది ఒడ్డున మొక్కజొన్న పండించుకుని బతికినవాళ్ళు. మా పాఠ్యపుస్తకంలో వాళ్ళ పేరు కూడా లేదు. అయినా చెప్పేవారు. నీళ్ళలోంచి లేచిన తాబేలు వీపే ఆరి నేలయిందట. నడుమ ఒక చెట్టు మొలిచి, దాని వేరు వేసిన పిలక నుంచి మగమనిషి పుట్టాడట. చెట్టు వంగి కొన నేలను తాకినచోట ఇంకో పిలక లేచి ఆడమనిషి పుట్టిందట.

"బైబిల్లో అట్ల లేదు గదా టీచర్?" అన్నాడు నా పక్కన కూర్చునే ఇస్మాయిల్.

"వాళ్ళ అవ్వలు చెప్పిన కథ వాళ్ళది. మనం ఇంటే ఏం పోతాది?" అన్నారామె.

ఒకరోజు మమ్మల్ని మైదానంలోకి తీసుకెళ్ళారు. వలస వచ్చిన తెల్లవాళ్ళు లెనాపేలకు ఒక పాత కాగితం చూపించి, మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత నేల మీ తాతలు మాకిచ్చారు అన్నారట. నడకంటే దారిలో కూర్చుని, తిని, పొగ తాగి మళ్ళీ నడవడమని లెనాపేలు అనుకున్నారు. తెల్లవాళ్ళు ముందే అడవి కొట్టి బాట వేసి, పరుగులో ఆరితేరినవాళ్ళను దించారు. టీచర్ ఇస్మాయిల్‌ను నడవమన్నారు, నన్ను ఉరకమన్నారు. నేను గోడ తాకి తిరిగి చూసేసరికి వాడింకా మైదానం నడుమ ఉన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"కొట్టొద్దు" అన్నారామె. "వానికీ వీనికీ మధ్యన ఎంత నేల ఉండాదో చూడండి. అంతా పోయింది. ఆ జనాన్ని తరిమి తరిమి వెయ్యి మైళ్ళ అవతల పడేసినారు." ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే మేం నవ్వుకున్నాం.

ఇరవై ఏళ్ళ తర్వాత నన్ను కోడుమూరు దగ్గర ఒక ఊరికి పంపారు. సోలార్ పలకలకు భూమి కావాలి. ఊరివాళ్ళు వేలిముద్రలు వేసిన కాగితంలో 'వంక వరకు' అని ఉంది. వంకంటే వాగు, ఆ ఊరికి రెండు వంకలు. చిన్నవంక వరకు ఉన్నది రాళ్ళ నేల. వాళ్ళు ఇస్తామన్నది అదే. అది దాటితే పెద్దవంక దాకా కొర్ర, కంది పండే చేలు. పెద్దవంక దాకా కొలవమన్నాడు పై అధికారి. అక్కడేం జరుగుతోందో నాకు అప్పుడే అర్థమైంది. అయినా కొలత మొదలుపెట్టాను.

రెండో రోజు గొడుగు వేసుకుని ఒక ముసలామె గట్టు మీదుగా వచ్చింది. దగ్గరికి వచ్చాక పోల్చుకున్నాను. రిటైరయ్యాక టీచర్ ఆ ఊళ్ళోనే తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు ఈడ?"

"కొలుస్తాండా టీచర్."

"యాడి దాకా?"

పెద్దవంక వైపు చెయ్యి చూపించాను.

"మావోళ్ళు ఇస్తామన్నది చిన్నవంక దాకానే. నీకు తెల్సు గదా?"

"పైనుంచి ఆర్డర్ టీచర్. నేను కాకపోతే ఇంకొకడు వస్తాడు."

తిడతారనుకున్నాను. "అప్పుడు గూడా నువ్వు శానా బాగా ఉరికినావు" అని, గొడుగు మడిచి ఎండలోనే వెళ్ళిపోయారు. సాయంత్రానికి నేను పెద్దవంక గట్టున చివరి రాయి పాతించాను.

ఊరివాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. కాగితంలో ఏ వంకో రాయలేదు కాబట్టి ఏమీ చేయలేమన్నారు అధికారులు. ఏడాది తిరక్కముందే, చేను పోగొట్టుకుని టీచర్ తమ్ముడు పెళ్ళాం బిడ్డలతో గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళాడు. టీచర్‌ను రాయచోటిలో ఉన్న బంధువులు తీసుకెళ్ళారు. అక్కడే పక్షవాతం వచ్చి, ఆ గొంతు పడిపోయి, ఆరు నెలలు మంచంలో ఉండి చనిపోయారు.

సమాధుల తోటకు వెళ్ళి వెనక నిలబడ్డాను. ఆమె తమ్ముడు నన్ను గుర్తుపట్టాడు. మట్టి వేయడానికి నాకు చోటిచ్చి పక్కకు జరిగాడు. పిడికిలి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

నాతోటి సర్వేయర్లు రాయి పాతించి, టీ తాగి ఇళ్ళకు పోతారు. కొలత వెనక ఏముందో వాళ్ళకెవరూ చెప్పలేదు, వాళ్ళను నేను తప్పుపట్టను. నాకు మాత్రం పదమూడేళ్ళప్పుడే ఒకరు అంతా విడమరిచి చెప్పారు. తెలియక చేశానని చెప్పుకొనే అదృష్టం నాకు లేదు.