నడినెత్తికి రాని పొద్దు

మిషనక్కకు కోపం వస్తే మిషను ఆగిపోతుంది. మామూలుగా ఆ వీధికి తెల్లారేదే ఆమె కుట్టుమిషను చప్పుడుతో. అది ఆగిందంటే పక్క కొట్టువాళ్ళు కూడా గొంతు తగ్గించుకుంటారు. ఆ రోజు పొద్దున ఆగింది, మళ్ళీ మొదలవలేదు.

బల్ల మీద నీలం గుడ్డ తాను పరిచి ఉంది. ఆసుపత్రి నర్సుల కోట్ల కోసం పెద్ద నర్సు ఆమెను నమ్మి ఇచ్చిన గుడ్డ. అరలో పెట్టినప్పుడు వీధివైపు అద్దానికి ఎదురుగా ఉన్న మడత పొడుగునా రంగు వెలిసి తెల్లటి చార పడింది. సొంత కొట్టు పెట్టాక దొరికిన మొదటి పెద్ద పని. ఇది చెయ్యి జారితే మళ్ళీ ఇంట్లో ఓ మూల కూర్చుని వాళ్ళవీ వీళ్ళవీ గుండీలు కుట్టుకోవాల్సిందే.

"ఎండ తగలదన్నావు," అంది మొగుడితో. "ఇదేంటి మరి?"

మొగుడు వెల్డరు. దక్షిణాన వాళ్ళు వదిలొచ్చిన ఊళ్ళో, కొట్ల ముందు రేకుల షేడ్లు వేయడంలో పేరున్నవాడు. టేపు పట్టుకోవడమంటే అతనికి నామోషీ. పొద్దు నడినెత్తికి వచ్చాక గుమ్మంలో నిలబడి, షేడు ఎంత ముందుకు రావాలో చెయ్యి చాచి, "ఇంత" అనేవాడు. అక్కడ ఆ 'ఇంత' ఎప్పుడూ తప్పలేదు. ఇంత ఉత్తరాన ఉన్న ఈ ఊరికొచ్చాక, దక్షిణం వైపు తిరిగున్న పెళ్ళాం కొట్టుకూ అలాగే వేశాడు. పొద్దు నడినెత్తికి ఎప్పుడొస్తుందా అని చూసి చూసి, అది ఎంతకీ రాకపోయేసరికి ఆకలేసి, అలవాటు కొద్దీ చెయ్యి చాచి "ఇంత" అనేశాడు. అది చూసి ఆమె అప్పుడు నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్ళు ఇంకా మండింది.

"షేడులో తప్పేం లేదు. గుడ్డే నాసిరకం."

"చార పడ్డ చోట మాత్రమే నాసిరకమా? మడత లోపల నిగనిగలాడుతోందే."

"అయితే తప్పు ఎండది."

"ఆ మాట పెద్ద నర్సుకు నువ్వే చెప్పు. ఎండను పిలిచి చీవాట్లు పెడుతుంది."

అంతలో ఆమె తమ్ముడు, లారీ డ్రైవరు, టీ కోసం లోపలికొచ్చాడు. గుడ్డ చూశాడు, షేడు చూశాడు, నవ్వు బిగబట్టాడు.

"బావా, ఇక్కణ్ణుంచి నేను దక్షిణానికి బండి తీశాననుకో, మిట్టమధ్యాహ్నం కూడా ఎండ కళ్ళల్లో పొడుస్తుంది. మీ ఊరు దగ్గరపడేకొద్దీ పైకెక్కి లారీ టాపు మీద కూర్చుంటుంది. పొద్దు అదే. ఊరే మారింది."

"ఊరు మారితే సూర్యుడు వంగుతాడా? చెప్పొచ్చావులే."

తమ్ముడు బావ భుజాలు పట్టుకుని వేలాడే లైటు కింద స్టూలు మీద కూర్చోబెట్టాడు. బట్టతల తళతళలాడింది. ఒక అగ్గిపుల్ల తీసి సరిగ్గా నడినెత్తిన నిలబెట్టాడు.

"అక్కా, నీడ ఉందా?"

"లేదు."

పుల్లను మెల్లగా చెవి వైపు జరిపి, అక్కడా నెత్తికి నిటారుగానే పట్టుకున్నాడు. నీడ పొడుగ్గా సాగింది.

"భూమి కూడా నీ బుర్రలాగే గుండ్రం, బావా. మీ ఊరు నెత్తి దగ్గర, ఈ ఊరు చెవి పక్కన. ఇక్కడికి ఎండ ఏటవాలుగానే వస్తుంది. నీ షేడు కిందనుంచి దర్జాగా కొట్లోకి నడిచొస్తుంది. చలికాలం రానీ, ఇంకా కిందికి దిగుతుంది."

మొగుడు పుల్ల లాగి విసిరేశాడు. "నా తల నీకు ఆటబొమ్మా," అంటూ బయటికెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. మిషనక్కకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత కాసేపటికి పెద్ద నర్సు వచ్చింది. చార మీద వేలు పెట్టి రాసింది. గొంతు పెంచలేదు.

"ఇంకో తాను పంపిస్తాను. అదీ ఇలాగే చేస్తే వేరేవాళ్ళకు ఇచ్చుకుంటాం. ముందు ఆ ఎండ సంగతి చూడమ్మా."

"చూస్తానమ్మా," అంది మిషనక్క. సిగ్గుతో చార కనబడకుండా గుడ్డ మడిచేసింది. ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో తను మొగుడు కూర్చున్న మెట్టు దగ్గరికి వచ్చింది.

"షేడు కిందికి వంచు."

"నా చేత్తో వేసింది నా చేత్తో వంచను."

ఆమె బతిమాలలేదు. అతని సంచిలోంచి పానా తీసి, నిచ్చెన ఆనించి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి పైకెక్కింది. చేతికందిన బోల్టును తిప్పింది. షేడు కిర్రుమని ఒక పక్కకు ఒరిగింది. మొగుడు ఎగిరి లేచాడు.

"అది కాదే. అది తీస్తే మొత్తం నెత్తిన పడుతుంది."

"పడనీ. ఈ ఊళ్ళో నెత్తి మీదికి వచ్చేది అదొక్కటన్నా ఉంటుంది."

తమ్ముడు టీ గ్లాసు చాటున మొహం దాచుకున్నాడు. మొగుడు పానా లాక్కుని, ఆమెను దింపి, తనే ఎక్కాడు. తిట్టుకుంటూ గోడకున్న కమ్మీలు వదులు చేసి రేకు ముందు అంచును కిందికి దించాడు.

"ఎంతవరకు వస్తోంది?" అన్నాడు పైనుంచే.

"నువ్వే వచ్చి చూడు."

దిగి లోపలికొచ్చాడు. అర ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ ఉన్న ఎత్తులో కళ్ళు పెట్టి బయటికి చూశాడు. రేకు అంచు కింద ఇంకా వెలుగు తొంగి చూస్తోంది.

"ఇంకో జానెడు దించాలి," అన్నాడు చివరికి, ఆమె వైపు తిరగకుండా. "చలికాలానికి."

మిషనక్క వెళ్ళి నిచ్చెన కాళ్ళు గట్టిగా పట్టుకుంది. కోపం ఇంకా దిగలేదు.

"దించు," అంది.