ఆకుపచ్చ వైరు

మూడు పిన్నుల ప్లగ్గులోంచి ఆకుపచ్చ వైరును కత్తిరించింది నేనే. ఎవరో చెప్తే చేసిన పని కాదు, తెలియక చేసిన పని అంతకన్నా కాదు. పెనుకొండ హైస్కూల్లో పదో తరగతికి ఫిజిక్సు చెప్తాను. ఇనప డబ్బా ఉన్న కరెంటు సామానుకు ఆ వైరు ఎందుకు పెడతారో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తాను. లోపల ఎక్కడైనా కరెంటు డబ్బాకు తగిలితే ఆ వైరు దాన్ని భూమిలోకి లాగేస్తుంది, ఫ్యూజు పోతుంది, మనిషి బతుకుతాడు. ఆ వైరు లేకపోతే కరెంటు డబ్బాలోనే కాచుకుని ఉంటుంది, ఎవరు తాకుతారా అని. పరీక్షలో ఈ ముక్క రాయని పిల్లలకు నిర్దాక్షిణ్యంగా మార్కు కోసేవాణ్ణి.

మంచి స్టీరియో మీద నాకు ఇరవై ఏళ్ళ మోజు. ఒకసారి బెంగళూరు షోరూములో కళ్ళు మూసుకుని విన్నాను. పాడే మనిషి పల్లవికి ముందు ఊపిరి తీసుకోవడం నా ఎదురుగా కూర్చుని తీసుకున్నట్టే వినిపించింది. ధర అడిగాను. బయటికి వచ్చి నిమ్మసోడా తాగి బస్సెక్కాను. కొనలేకపోతే నేనే కట్టుకుంటానని హిందూపురంలో ఇల్లు చేరేలోపు పంతం పట్టాను.

కట్టడానికి ఏడాది పట్టింది. స్పీకర్లు బెంగళూరు పాత సామాన్ల బజారులో దొరికాయి. వాటికి చెక్క పెట్టెలు పెనుకొండలో తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి చేసిచ్చాడు. పెట్టెల్లో దూది కూరాలని ఎక్కడో చదివి మా అమ్మ పాత పరుపు విప్పేశాను. యాంప్లిఫయరుకు ఇనప డబ్బాను హిందూపురంలో బీరువాలు చేసే షెడ్డులో వంచి ఇచ్చారు. ట్రాన్స్‌ఫార్మరు మాత్రం చచ్చిపోయిన యూపీఎస్‌లోది. ధర్మవరంలో మరమగ్గాల మోటార్లకు వైండింగు చేసే ఒక పెద్దాయన దగ్గరికి మోసుకుపోయి తిరిగి చుట్టించాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు ఉండేది నా వాలకం. మా ఇంట్లో ఉండేది నేను, నా భార్య, మా అమ్మ. ఇద్దరూ ఏమీ అనలేదు. నేను అననిచ్చే రకం కూడా కాదు.

అంతా బిగించి మొదటిసారి వేస్తే పాట అద్భుతంగా వచ్చింది. పాట వెనకే గుయ్ అని ఒక రొద కూడా వచ్చింది. పాట ఆపినా అది ఆగలేదు. వైర్లు మార్చాను, టంకం విప్పి మళ్ళీ వేశాను, పాటలొచ్చే కేబుల్ టీవీ డబ్బాను దూరం జరిపాను. మూడు వారాలు అన్నం సహించలేదు. చివరికి కారణం దొరికింది. టీవీ డబ్బా నుంచి వచ్చే తీగ ఒక దారి, ప్లగ్గులోని ఎర్తు వైరు ఇంకో దారి. రెండూ కలిసి చుట్టు తిరిగి ఆ రొద పుడుతోంది. దాన్ని పద్ధతిగా పోగొట్టడానికి వేరే మార్గాలున్నాయి. వాటికి ఇంకో సామాను కొనాలి, ఇంకో నెల ఆగాలి. నేను కటింగ్ ప్లేయరు తీసి ఆకుపచ్చ వైరును పుటుక్కున కత్తిరించాను.

రొద పోయింది. ఆ నిశ్శబ్దంలోంచి పాట లేచింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, అబద్ధం ఎందుకు.

ఇంకో మూఢనమ్మకం కూడా అంటించుకున్నాను. యాంప్లిఫయరు ఎప్పుడూ వేడిగా ఉంటేనే గొంతు విప్పుతుందట. అందుకని దాన్ని రాత్రింబవళ్ళు ఆన్‌లోనే ఉంచేవాణ్ణి. ఆ స్విచ్చు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని ఇంట్లో ఆర్డరు వేశాను.

శుక్రవారం మా ఇల్లు కడిగే రోజు. ముందు గదిలో నీళ్ళు పోసి, చీపురుతో తోసి, సామాన్లన్నీ తడిగుడ్డతో తుడుస్తుంది నా భార్య. ఒక శుక్రవారం అన్నం పెడుతూ అంది: "ఆ ఇనప పెట్టె తుడుస్తాంటే చెయ్యి జుమ్మంటాంది." ఆమె మా మేనమామ కూతురు, చిన్నప్పట్నుంచీ నువ్వు అనుకునే చనువు. నేను నవ్వి, "తడిగుడ్డ చల్లగా ఉంటాది, దానికే జుమ్మనిందా?" అన్నాను. అయినా లేచి పోయి డబ్బా మీద చెయ్యి పెట్టి చూశాను. పొడి చెయ్యి, కాళ్ళకు రబ్బరు చెప్పులు. నాకు ఏమీ తగల్లేదు. తగలదని నాకు తెలియదా? తెలుసు. తెలిసే అలా తాకి చూశాను.

మరుసటి వారం మళ్ళీ చెప్పింది. "ఈ తూరి మోచేతి దాకా పాకింది. ఒగసారి సరిగ్గా చూడరాదా?" నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా చూస్తే వైరు కలపాలి, కలిపితే రొద వస్తుంది. "నిన్నెవురు తుడవమనిరి? ఫిజిక్సు చదివింది నువ్వా, నేనా?" అని వీధిలోకి వినపడేలా అరిచాను. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు గనక సమస్య తీరిపోయిందనుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. ఒక్కో స్పీకరుకు ఒక్కో యాంప్లిఫయరు ఉంటే ఇంకా బాగుంటుందని ఆశ పుట్టింది. ఒక శుక్రవారం సెలవు పెట్టి, ఇంకో ట్రాన్స్‌ఫార్మరు సంచిలో వేసుకుని, పొద్దున్నే ధర్మవరం పోయాను. వైండింగు పెద్దాయన నన్ను చూడగానే చేతిలో తీగ పక్కన పెట్టాడు.

"ఏం సార్, ముందుది ఎట్ల పాడుతాండాది?"

"బ్రహ్మాండంగా."

"నాకు దాని మీదే దిగులు సార్. ఆ పొద్దు రైలుకు టైమాయనని మీరు ఒగటే తొందర పెడ్తిరి. వార్నిషు ఆరనే లేదు. లోపల చుట్టలకు నడమ ఏసిన పేపరు గూడా పాతదే. ఊరికే కాగుతాంటే అది చిట్లుతాది. అప్పుడు కరెంటు నేరుగా డబ్బాకొస్తాది." నా మొహం చూసి నవ్వాడు. "బెదరొద్దండి. ఎర్తు ఇచ్చిండారు గదా, ఫ్యూజు పోతాది, అంతే. ఇచ్చిండారు గదా?"

"ఇచ్చినా" అన్నాను.

ఆయన నన్ను సార్ అంటున్నాడు. ఆ పిలుపు ముందు నిజం చెప్పడానికి నోరు రాలేదు. సంచి అక్కడే పెట్టి వీధిలోకి వచ్చాను. గడియారం చూస్తే పది. నా భార్య వంట ముగించి పదిన్నరకు నీళ్ళు పోయడం మొదలుపెడుతుంది. ఫోను చేశాను. చివరిదాకా మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మా అమ్మకు ఫోను లేదు. పక్కింటివాళ్ళు మడకశిరలో పెళ్ళికి పోయారు. నాతో పని చేసేవాళ్ళంతా ఆ వేళకు బడిలో ఉంటారు. రెండు పక్కలా మగ్గాల చప్పుడు, ఫోనులో రింగు తప్ప నాకేమీ వినపడలేదు.

స్టేషనుకు పరిగెత్తి కదులుతున్న పాసింజరు పట్టుకున్నాను. కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆ తడి గదిలో ఆమె ఎట్లా నడుస్తుందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. చెప్పులుండవు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి ఉంటాయి. కుడిచేతిలో తడిగుడ్డ. ముందు టీవీ తుడుస్తుంది, తర్వాత కిటికీ కమ్మీలు, తర్వాత అది. ఏటా బోర్డు మీద గీసే బొమ్మలో మనిషి ఊరికే నాలుగు గీతలు. ఇప్పుడు ఆ మనిషికి మొహం వచ్చింది. ఎన్నిసార్లు ఫోను చేశానో తెలియదు. ఎత్తు తల్లీ, ఎత్తు అని పైకే అంటున్నానని ఎదుటి మనిషి చూపును బట్టి తెలిసింది.

పెనుకొండలో ఎదురు బండి కోసం రైలు ఆపేశారు. దిగి రోడ్డుకు పోయి బస్సు పట్టుకోనా, ఇక్కడే ఉండనా? దిగితే రైలు కదులుతుందేమో, ఉంటే గంట ఆపుతారేమో. రెండుసార్లు దిగి రెండుసార్లు ఎక్కాను. అప్పుడు గుర్తొచ్చింది, మా వీధి మొదట్లో చిల్లరకొట్టు ఆయన నంబరు నా దగ్గరుందని. ముందే ఎందుకు గుర్తు రాలేదంటే ఏం చెప్పను, కాళ్ళూ చేతులూ ఆడితే గదా బుర్ర ఆడేది. ఆయనకు చేసి మా ఇంటికి ఒక్కసారి పోయి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. సిగ్గు అప్పుడు కూడా చావలేదు.

రైలు కదిలాక ఆయన ఫోను వచ్చింది. "తలుపు దగ్గరేసిండారు సార్. శానాసేపు పిలిస్తి, ఎవురూ పలకల్య. గడప కింద నీళ్ళు మాత్రం పారతాండాయి. ఆడోళ్ళుండే ఇల్లు గదా, లోపలికి పోకపోతి."

"లోపలికి పో. ముందు మెయిను ఆపు..." అంటుండగానే నా ఫోను చార్జి అయిపోయి చచ్చింది. ఆయన ఎంతవరకు విన్నాడో తెలియలేదు. ఎదుటి మనిషిని ఫోను అడిగాను, ఇచ్చాడు. కొట్టు ఆయన నంబరు నాకు నోటికి రాదు. నోటికి వచ్చిన నంబరు నా భార్యది ఒక్కటే. అది మోగుతూనే ఉంది.

హిందూపురంలో రైలు పూర్తిగా ఆగకముందే దూకాను. ఆటో అతను బేరం మొదలుపెట్టేలోపే ఎక్కి కూర్చున్నాను. వీధిలోకి తిరగ్గానే మా ఇంటి ముందు గుంపు ఉంటుందేమోనని చూశాను. గుంపు లేదు. లేకపోవడం మంచిదో చెడ్డదో తెలియలేదు. తలుపు తోశాను. గదంతా నీళ్ళు. పేరు పెట్టి పిలిచాను. అమ్మా అని పిలిచాను. ఎవరూ పలకలేదు. యాంప్లిఫయరు దీపం వెలగడం లేదు. దాని ప్లగ్గు పీకి, తడవకుండా స్టూలు మీద పెట్టి ఉంది. పక్కన పప్పుగుత్తి ఉంది. స్విచ్చును చేత్తో ముట్టకుండా దాని కొయ్య కాడతో ఆపినట్టున్నారు.

మిద్దె మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. నా భార్య ఖాళీ బకెట్టుతో దిగి వచ్చింది, వెనకే గోడ పట్టుకుంటూ మా అమ్మ. ఇద్దరూ పైన దుప్పట్లు ఆరేస్తున్నారట. ఫోను సైలెంటులో పడి వంటింట్లో ఉందట. నన్ను చూసి నా భార్య మెట్ల మీదే నిలబడిపోయింది. నన్నూ చూసింది, స్టూలు మీది ప్లగ్గునూ చూసింది.

"అరవొద్దు. ఇప్పుడే పెడ్తా. ప్రతివారం నువ్వొచ్చే లోపల పెడ్తానే ఉండా."

ప్రతి శుక్రవారం సాయంత్రం నేను ఆ పెట్టె ముందు కూర్చుని, రోజంతా వేడిగా ఉన్నందుకే ఇంత బాగా పాడుతోందని వాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి. ఇద్దరూ తల ఊపేవాళ్ళు.

మా అమ్మ ముందుకు వచ్చింది. "దాన్నేమీ అనొద్దప్పా. నేనే పీకమంటి. నీకు పెట్టె కావల్ల, మాకు పానాలు కావల్ల."

నేను గోడకు ఆనుకుని తడి నేల మీదే కూర్చుండిపోయాను. ఆమె బతికి ఉందన్న సంతోషం కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ధర్మవరం నుంచి నేను కరెంటుకు భయపడుతూ వచ్చాను. వీళ్ళు మూడు నెలలుగా నా నోటికి భయపడుతున్నారు. నేను అరవకపోయేసరికి ఇద్దరూ ఇంకా బెదిరిపోయారు. నా భార్య బకెట్టు దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, స్టూలు మీది ప్లగ్గు తీసుకుని గోడ దగ్గరికి నడిచింది.

"వద్దు! ముట్టుకోవద్దు!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడి ఆగింది. లేచి పోయి ప్లగ్గు లాక్కున్నాను. అందులోని వైరు నేనే కోసేశానని, తెలిసే కోసేశానని అప్పుడు చెప్పాను. వైండింగు ఆయన మాటలూ చెప్పాను. ఆమె అంతా విని, బకెట్టు చేతిలోకి తీసుకుంది.

"నాకు నీ ఫిజిక్సు తెలీదు" అంది. "చెయ్యి జుమ్మనింది. నీకు గాక ఇంగెవురికి చెప్పల్ల?"