మూత కింద బొట్టు

వేలూరు కోట మైదానంలో పాత కార్ల ప్రదర్శన పెట్టారంటే మా అల్లుడు మొన్న నన్ను బలవంతాన తీసుకుపోయాడు. ఎండలో వరసగా నిలబెట్టిన బండ్లలో ఒక ఎర్ర కారు దగ్గరే జనం ఎక్కువ. ముందర దీపాలే కనబడవు, నున్నటి మొగం. యజమాని లోపల కూర్చుని మీట నొక్కగానే రెండు మూతలు లేచి దీపాలు బయటికొచ్చాయి. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఇప్పటి కార్లకు ఈ సొగసు ఎక్కడుందని ఒక పెద్దాయన నిట్టూర్చాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎండ పడలేదని అల్లుడికి అబద్ధం చెప్పి నీడకు పోయి కూర్చున్నాను.

అలాంటి కారే మా నాన్నకుండేది. గుడియాత్తంలో మాది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. వేలూరులో తోళ్ల వ్యాపారం చేసే స్నేహితుడొకడు దాన్ని పైదేశం నుంచి తెప్పించుకుని, మన గుంతల రోడ్ల మీద దాని కడుపు నేలకు రాసుకుంటుంటే విసుగెత్తి, నాన్నకు అంటగట్టాడు. కళ్లు మూసుకుని తిరిగే బండి కదా, బజారువాళ్లు దానికి తూంగుమూంజి అని పేరు పెట్టారు. నిద్రమొగంది అని అరవంలో ఎగతాళి. నాన్న ఆ పేరుకు కూడా మురిసిపోయేవాడు.

నాన్న నల్లచొక్కా మనిషి, దేవుడు లేడనే పార్టీ. కులం వద్దు, పురోహితుడు వద్దు, ఆడది మగవాడితో సమానం అని సాయంకాలం సభల్లో మైకు ముందు తెలుగు యాస పడకుండా అరవంలో దంచేవాడు. ఆయుధపూజ నాడు మా ఫ్యాక్టరీలో సెలవు ఉండేది గానీ పూజ ఉండేది కాదు. అమ్మ పూర్తిగా ఎదురు. ఆమె తండ్రి ఒడుగత్తూరు నుంచి చింతపండు బండితో వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. అప్పటినుంచి రోడ్డు అంటేనే ఆమెకు గుండె దడ. కారు ఇంటికొచ్చిన రోజే కుంకుమ భరిణె పట్టుకుని దానికి అడ్డంగా నిలబడింది.

"బొట్టు పెట్టందే బండి కదిలేదానికి లేదు. మీ కట్చి మీకు, నా భయం నాకు."

కట్చి అంటే పార్టీ. నల్లచొక్కా మనిషి కారుకు బొట్టేమిటి, ఊరు నవ్వదా అని నాన్న. కొన్నాళ్లు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి నాన్నే దోవ కనిపెట్టాడు. శుక్రవారం పొద్దున మీట నొక్కి దీపాలు లేపుతాడు. అమ్మ రెండు దీపాల అద్దాల మీదా గంధం రాసి కుంకుమ పెడుతుంది. ఆయన మళ్లీ మూత వేసేస్తాడు. పగలు ఎవరికీ కనబడదు, చీకట్లో వెలిగే దీపం వంక కళ్లెత్తి ఎవరు చూస్తారు? పైన పార్టీ జెండా, మూత కింద బొట్టు. పాము చావకుండా కర్ర విరగకుండా అంటే ఇదే కాబోలు. ఆ శుక్రవారాల్లో వాళ్లిద్దరి మొగాల్లో ఒక దొంగనవ్వు ఉండేది. తర్వాత దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ ఏడు మునిసిపాలిటీ ఎన్నికలొచ్చాయి. గుడియాత్తం చైర్మన్ పదవికి పార్టీ నాన్నను నిలబెడుతుందని అందరూ అనుకున్నారు. పడుచువాడిగా ఉన్నప్పటినుంచి జెండాలు మోసి, జైలుకు కూడా పోయొచ్చిన మనిషి కోరుకున్నది అదొక్కటే. ఫ్యాక్టరీకి వచ్చే ఆడవాళ్ల వీధులకు ముందు నీళ్లు తెస్తానని అన్నం తింటూ కూడా అదే చెప్పేవాడు. వేలూరు సభలో పేరు ప్రకటిస్తామన్నారు. అది శుక్రవారం. నేనప్పుడు వేలూరు పక్కనే బాగాయంలో హాస్టల్లో ఉండి కాలేజీకి పోతున్నాను. నాన్న నన్ను ఎక్కించుకునే సభకు వెళ్లాడు.

పొద్దు గూకుతుండగా, ఒక నాయకుడు మాట్లాడుతుంటే కరెంటు పోయింది. ఆ కాలంలో అది మామూలే. మా కారు వేదికకు ఎదురుగానే ఉంది. దీపాలు వెయ్యన్నా అని అరిచారు. నాన్న నా వంక చూశాడు. కుదరదనేదానికి ఏం సాకు చెబుతాడు? మీట నొక్కాడు.

వెలుతురు మసకగా పడింది. దుమ్ము పట్టిందనుకుని జిల్లా నాయకుల్లో ఒకాయన భుజం మీది తువ్వాలతో అద్దం తుడిచేందుకు వచ్చాడు. వంగినవాడు వంగినట్టే నిలిచిపోయాడు. ఇదేమిటన్నా అని నాన్నను అడిగాడు. చుట్టూ జనం మూగారు. ఎవడో నవ్వాడు. ఆ నాయకుడు చెడ్డవాడేమీ కాదు. తువ్వాలు నాన్న చేతికిచ్చి, నువ్వే తుడిచేయన్నా, ఇంతటితో పోనిద్దాం అన్నాడు.

ఒక్క తుడుపుతో పోయేదే. నాన్న తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. తుడిచెయ్ నాన్నా అని నేను మనసులో దేవుడికి మొక్కుకున్నాను, నల్లచొక్కా మనిషి కూతురినై ఉండి.

ఆయన తువ్వాలు తిరిగి ఇచ్చేశాడు. అన్నది అరవంలోనే, నాకిప్పటికీ అది మా ఇంటి తెలుగులో వినబడుతుంది.

"ఇది నా ఇంటామె పెట్టింది. దగ్గరుండి పెట్టించింది నేనే. ఆడదాని మాటకు విలువ ఇయ్యాలని ఈ మైకులోనే చెప్పినాను. ఆమె లేనప్పుడు ఆమె పెట్టిన బొట్టు తుడిచేదానికి నాకు చెయ్యి రాదు."

ఆ సభలో నాన్న పేరు చెప్పలేదు. ఎన్నికల్లో ఇంకొకరు నిలబడ్డారు, గెలిచారు.

ఆ రాత్రి నన్నూ వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, దీపాలు దించడం కూడా మరిచి నాన్న పడుకున్నాడు. జరిగింది అమ్మకు నేనే చెప్పాను. తెల్లవారి చూస్తే ఆమె తడిగుడ్డతో కారు దగ్గర ఉంది. నాన్న వద్దు వద్దంటున్నా వినకుండా గోటితో గీకి మరీ అద్దాలు తుడిచింది. తన భయం వల్లే పదవి పోయిందని, ఇంక పెట్టనని చెప్పి లోపలికి పోయింది. తర్వాతి శుక్రవారం నాన్న దీపాలు లేపి ఎంతసేపు నిలబడినా రాలేదు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

భయం గుడ్డతో తుడిస్తే పోతుందా? నాన్న ఇల్లు చేరడం ఆలస్యమైతే ఆమె అరుగు మీదే కూర్చునేది, అన్నం ముట్టేది కాదు. లారీ హారన్ వినబడితే లేచి నిలబడేది. ఒకసారి ఆయన కావేరిపాక్కం నుంచి చీకటి పడ్డాక వచ్చినప్పుడు నీళ్ల చెంబు పట్టుకుని ఆమె వీధి చివరిదాకా ఎదురొచ్చి నిలబడి ఉండడం చూశాడు.

ఆ తర్వాత నాన్న పొద్దు గూకాక కారు తీయలేదు. సభలన్నీ సాయంకాలాలే కదా, సభలే మానుకున్నాడు. పార్టీవాళ్లు పిలిచి పిలిచి విసిగిపోయారు. పదవి రాలేదని అలిగాడని ఊరు ఊరంతా అన్నది. ఆ పాటి దానికి ఇన్నేళ్ల అలకా అని అమ్మ కూడా దెప్పేది. నాకు కడుపు మండి, నిజం చెప్పరాదా నాన్నా అని పోట్లాడాను.

"చెబితే మళ్లా తన వల్లే అనుకుంటాది, అమ్మా. అలిగినాననే అనుకోనీ" అన్నాడు.

చాలా ఏళ్ల తర్వాత, ఫ్యాక్టరీ మూతపడ్డాక, కారును చెన్నై ఆసామికి అమ్మాము. అతను మా వాకిట్లో కూర్చుని ఎన్నిసార్లు మీట నొక్కినా మూతలు లేవలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. దీపాలు ఎప్పుడూ వేయలేదా సార్ అని అడిగాడు. ఇంటామె చీకటి పడేలోపల రమ్మంటుంది కదప్పా, అవసరం రాలేదు అని నాన్న నవ్వులాటగా అన్నాడు.

అమ్మ ఎప్పుడూ అలా రమ్మనలేదు. అరుగు మీద కూర్చుని ఆ మాట విన్న ఆమె నాన్న మొగం వంక చూసింది, ఆ లేవని మూతల వంకా చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.